ఏం చదివి వచ్చామో మమ్మల్ని అడగండి: డాక్టర్లకు ఒక పేషెంటు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు,

నమస్కారం.

నాకు 12 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ల జబ్బు ఉంది. ఇదే జబ్బున్నవాళ్లు ఆన్‌లైన్లో నడుపుకునే ఒక గ్రూపులో 11 ఏళ్లుగా ఉన్నాను, అయిదేళ్లుగా దాని అడ్మిన్లలో ఒకదాన్ని. పొద్దున్న లేచాక వేళ్లు పూర్తిగా విచ్చుకోవడానికి నాకు అరగంట పడుతుంది. ఆ అరగంటలో రాత్రి వచ్చిన పోస్టులు చదువుతాను. వాటిలో జబ్బు గురించి ఎంత ఉంటుందో మీ గురించీ అంతే ఉంటుంది. "ఇది మా డాక్టరుగారికి చెప్పొచ్చా?" "చెబితే కోప్పడతారేమో." "చెప్పకుండా మానేశాను, ఏమన్నా అవుతుందా?" ఈ మాటలు నేను కొన్ని వందలసార్లు చదివాను. మీ చెవిన పడకుండా మేం మాలో మేం అనుకునేవి కాబట్టి మీలో చాలామంది ఒక్కసారి కూడా విని ఉండరు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెప్పుకోనివ్వండి. జబ్బు బయటపడిన మొదటి ఏడాది డాక్టరుగారు మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్. ఎన్నాళ్లు వాడాలో, ఎందుకు వాడాలో అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇంటికి వచ్చి పేరు వెతికితే మొట్టమొదట కనిపించింది, అది క్యాన్సర్‌కు కూడా వాడే మందని. ఆ తర్వాత లివర్ అన్నారు, జుట్టు అన్నారు. మళ్లీ వెళ్లేటప్పుడు నాలుగు కాగితాలు ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ఆయన వాటి వంక చూసి, "గూగుల్ చదివి వచ్చారా? ఇక నేనెందుకు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన మనసులో చెడు ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. పొద్దుటి నుంచీ ఎంతమందిని చూసి అలిసిపోయారో, వాళ్లలో ఎంతమంది అలాంటి కాగితాలు తెచ్చి వాదించారో. కానీ నేను మాత్రం ఆ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు ఆయన దగ్గర నోరు విప్పలేదు.

గ్రూపులో చేరింది అప్పుడే. ఆ మందు తన లివర్ పాడు చేసిందని ఒకావిడ రాసిన పోస్టు చదివి, కింద వరసగా వచ్చిన కామెంట్లు చదివి, మాత్రలు ఆపేశాను. "వేసుకుంటున్నారా?" అని ఆయన అడిగితే "వేసుకుంటున్నానండీ" అన్నాను. వాపు తగ్గలేదు. ఆయన డోసు పెంచారు. అప్పటికీ తగ్గకపోతే రెండో మందు కలిపారు. నేను వేసుకోని మందు పనిచేయడం లేదని, దానికి తోడుగా ఇంకో మందు రాశారన్నమాట. ఈలోగా నొప్పి భరించలేక, ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాను. మూడు రోజుల్లో ఒళ్లు తేలికపడింది. నాలుగు నెలలు వాడాక, స్టెరాయిడ్లు మంచివి కావని ఇంకెవరో అంటే ఒక్కరోజులో ఆపేశాను. స్టెరాయిడ్ అన్నాళ్లు వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుందనీ, మెల్లమెల్లగా తగ్గించకుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుందనీ నాకు తెలియదు. వాంతులు, బీపీ పడిపోవడం, ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద పడుకుని ఉండగా "ఏం మందులు వాడుతున్నారు?" అన్న ప్రశ్న. అక్కడ కూడా మొదటిసారి అబద్ధమే చెప్పాను. సెలైన్ పెడుతున్న నర్సమ్మ నా చేయి పట్టుకుని మళ్లీ అడిగితే అప్పుడు చెప్పాను.

ఆ తర్వాత వేరే రుమటాలజిస్టు, అంటే కీళ్ల జబ్బుల డాక్టరు, దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, రిపోర్టులు తెరవకముందే, "ఈ మందుల గురించి బయట ఏం విన్నారు? గ్రూపుల్లో ఏమంటున్నారు?" అని అడిగారు. అంత మామూలుగా అడగడంతో నేను అన్నీ చెప్పేశాను. మానేసిన మాత్రలు, దాచిన స్టెరాయిడ్, సొంతంగా వాడిన ఒక ఆరోగ్య పొడి డబ్బా, అన్నీ. ఆరేడు నిమిషాలు పట్టి ఉంటుంది. అంతసేపూ ఆవిడ పెన్ను పట్టుకోలేదు. తర్వాత అన్నారు: "లివర్ గురించి మీరు చదివింది నిజమే. అందుకే మిమ్మల్ని రక్తపరీక్షకు పంపిస్తాం. మొదట్లో తరచుగా, కుదురుకున్నాక కొన్ని నెలలకొకసారి. ఎంజైములు పెరిగితే మందు తగ్గిస్తాం, లేదా ఆపుతాం. ఆ పరీక్ష ఎందుకో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు." నిజంగానే ఎవరూ చెప్పలేదు. రక్తం తీసినప్పుడల్లా అది జబ్బు ఎంత ముదిరిందో చూడ్డానికనే అనుకునేదాన్ని. మందు మళ్లీ మొదలుపెట్టాను. మూడు నెలలకు పిడికిలి బిగించగలిగాను.

ఆ మొదటి డాక్టరుగారు రాసిందీ ఇదే మందు. ఇది మీరు గమనించాలని నా మనవి.

ఇది నా ఒక్కదాని పిరికితనమేనేమో అని చాలాకాలం అనుకున్నాను. 2013లో అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం ఒక సర్వే ప్రకటించింది. తమకో తమవాళ్లకో ఉన్న జబ్బేమిటో ఆన్‌లైన్లో వెతికి తేల్చుకోవడానికి ప్రయత్నించామన్నవాళ్లు అక్కడి పెద్దవాళ్లలో 35 శాతం. వాళ్లలో తాము చూసినదాన్ని డాక్టరుతోనో నర్సుతోనో మాట్లాడినవాళ్లు 53 శాతమే. మిగిలినవాళ్లు చదివింది వాళ్లలోనే ఉండిపోయింది. 2017లో, ఇంటర్నెట్లో ఆరోగ్య సమాచారం వెతుక్కోవడం డాక్టరు-పేషెంటు సంబంధాన్ని ఏం చేస్తుందన్న విషయం మీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష వెలువడింది. వెతుక్కోవడం వల్ల సంబంధం బాగుపడగలదనీ, అయితే అది పేషెంటు ఆ విషయం డాక్టరు ముందు పెట్టడం మీదా, వాళ్లిద్దరి మధ్య అంతకుముందున్న చనువు మీదా ఆధారపడి ఉంటుందనీ అందులో తేలింది. చిన్నబుచ్చుతారేమోనన్న భయం పేషెంట్ల నోరు కట్టేస్తోందని కూడా ఉంది. అది చదివినరోజు నాకు ఏడుపొచ్చింది. ఆ నాలుగు కాగితాలు గుర్తొచ్చాయి.

గ్రూపుల్లో మాకు ఏం దొరుకుతుందో మీకు చెప్పాలి. మీరు రాసే మందుకు అది పోటీ అనుకుంటున్నారేమోనని నా అనుమానం. అక్కడ మేం ఎక్కువగా మాట్లాడుకునేవి మీకు తట్టని సంగతులు. బిగిసిన మూత తీయాలంటే వేళ్లతో కాకుండా అరచేత్తో ఎలా తిప్పాలి, చొక్కా బొత్తాలు ఎలా పెట్టుకోవాలి, చంటిపిల్లను మణికట్టు మీద బరువు పడకుండా ఎలా ఎత్తుకోవాలి, "పైకి బాగానే ఉన్నావుగా" అన్న అత్తగారికి ఏం చెప్పాలి. రాత్రి రెండింటికి మోకాలు పోటు పెడుతుంటే "నేనూ మేలుకునే ఉన్నాను" అని ఒక మనిషి రాస్తే ఆ నొప్పి తగ్గదు, కానీ తెల్లారేదాకా ఓర్చుకోగలం.

అలసట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కీళ్ల నొప్పికన్నా మమ్మల్ని ఎక్కువగా కూలదోసేది అదే. నిద్రపోయి లేచినా తీరని అలసట. దీని గురించి డాక్టరుతో అంటే "రక్తం తక్కువుందేమో చూద్దాం" అన్న దగ్గరే మాట ఆగిపోయేది. రుమటాలజీలో ఏ మందు పనిచేసిందో ఏ కొలతలతో తేల్చాలన్నది చర్చించే ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 1992 నుంచీ సమావేశమవుతోంది. 2002లో తొలిసారి పేషెంట్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నారు. వాళ్లు అన్న మొదటి మాటల్లో ఒకటి, మీ కొలతల్లో మా అలసట లేదని. కొన్నేళ్లకు ఈ జబ్బు మందుల ట్రయల్స్‌లో అలసటను కూడా కొలవాలని ఆ బృందమే ఒప్పుకుంది. కణుపుల వాపు లెక్కపెట్టడంలో ఆరితేరిన డాక్టర్లు పదేళ్లపాటు సమావేశమైనా ముందుకు రాని విషయం, పేషెంట్లకు ఒక కుర్చీ వేస్తే వచ్చింది. మా గ్రూపు రోజూ చేస్తున్నదీ అదే, వినే డాక్టరు ఒక్కరూ లేకుండా.

డాక్టరు విన్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. గుండె రక్తనాళం గోడ ఉన్నట్టుండి లోపల చీలే జబ్బొకటి ఉంది, స్కాడ్ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లకు, అందులోనూ మామూలు గుండెజబ్బు లక్షణాలేవీ లేని చిన్నవయసువాళ్లకు, కొందరికి కాన్పు అయిన కొద్ది వారాలకే వస్తుంది. చాలా అరుదని పుస్తకాల్లో ఉండేది. ఒక్కో డాక్టరు జీవితంలో ఒకటో రెండో కేసులు చూస్తే గొప్ప. ఆ జబ్బు వచ్చిన కేథరిన్ లియోన్ ఆన్‌లైన్ గ్రూపులో తనలాంటివాళ్లను పదుల సంఖ్యలో కనుక్కున్నారు. 2009లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి గుండె డాక్టరు షారన్ హేస్ దగ్గరికి వెళ్లి, మేం ఇంతమందిమి ఉన్నాం, మా మీద పరిశోధన చేయండి అని అడిగారు. హేస్ ఆ మాట కొట్టిపారేయలేదు. మొదటి చిన్న అధ్యయనానికి 12 మంది కావాలంటే, వారం తిరక్కముందే అంతకన్నా ఎక్కువమంది ముందుకొచ్చారు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇవాళ ఆ జబ్బున్నవాళ్ల వివరాలు నమోదు చేసే పెద్ద రిజిస్ట్రీ నడుస్తోంది. ఒక పేషెంటు అడగడం, ఒక డాక్టరు వినడం, ఈ రెంటిలో ఏది తప్పిపోయినా అది జరిగేది కాదు.

లాంగ్ కోవిడ్ అన్న పేరు కూడా పేషెంట్లు పెట్టిందే. 2020 మే నెలలో ఎలీసా పెరెగో అనే ఇటలీ పురావస్తు పరిశోధకురాలు తన పరిస్థితి చెప్పుకోవడానికి సోషల్ మీడియాలో వాడిన మాట అది. రెండు వారాల్లో తగ్గిపోయే జబ్బు కదా, ఇంకా ఆయాసమేమిటి, అంతా మీ కంగారే అని వెనక్కి పంపిన వేలమంది ఆ పేరు కింద ఒకరినొకరు కనుక్కున్నారు. వాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ స్థితికి నిర్వచనం ఇచ్చింది 2021 అక్టోబరులో.

2007లో డేవ్ డిబ్రాంకార్ట్ అనే ఆయనకు మూత్రపిండంలో క్యాన్సర్ ఉందనీ, అది అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందనీ తెలిసింది. ఫలానా ఆన్‌లైన్ క్యాన్సర్ గ్రూపులో చేరమని చెప్పింది స్వయంగా ఆయన డాక్టరు డానీ శాండ్స్. అందరికీ పనిచేయని, పనిచేసినవాళ్లకు మాత్రం బాగా పనిచేసే ఒక కఠినమైన చికిత్స గురించి, అది ఇచ్చే నిపుణుల గురించి, దాని బాధలు ఎలా తట్టుకోవాలన్నదాని గురించి గ్రూపు చెప్పింది. చికిత్స చేసింది ఆసుపత్రి. ఆయన బతికారు. మందుల చీటీ మీద గ్రూపు పేరు కూడా రాయగలిగిన డాక్టర్లున్నారని నాకు తెలిసింది ఈ కథతోనే.

ఇప్పుడు మా వైపు తప్పులు. వీటిని మెత్తగా చెప్పే హక్కు నాకు లేదు.

గ్రూపులో మందుల గురించి చెడే ఎక్కువ వినిపిస్తుంది. దానికి కారణం నాకు ఆలస్యంగా అర్థమైంది. మందు పనిచేసినవాళ్లు మెల్లగా గ్రూపు వదిలేస్తారు. ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లల చదువుల్లో పడతారు. పనిచేయనివాళ్లు, సైడ్ ఎఫెక్టులతో బాధపడుతున్నవాళ్లు రోజూ వస్తారు. కొత్తగా చేరిన మనిషికి కనిపించేది వీళ్లే. లోకంలో ఈ మందు వాడేవాళ్లంతా ఇలాగే ఉన్నారనుకుంటారు. నా లివర్ భయం అలా పుట్టిందే. ఇప్పుడు నేను నెలకొకసారి, బాగున్నవాళ్లను పేరుపేరునా పిలిచి, ఏం వాడుతున్నారో ఎలా ఉన్నారో రాయమని అడుగుతున్నాను. వస్తారు, రాస్తారు, వెళ్లిపోతారు. అదీ మేలే.

ఒకసారి ఒకాయన వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటున్నానని మాటల మధ్యలో రాశారు. నోట్లో పుళ్లు వస్తున్నాయి, ఏం రాసుకోవాలని అడగడానికి పెట్టిన పోస్టు అది. నేను చూసేసరికి పుళ్లకు చిట్కాలు చెబుతూ ఇరవై కామెంట్లు ఉన్నాయి. ఆ మందు రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఈ పొరపాట్లు ప్రపంచమంతా జరుగుతున్నాయి కాబట్టే 2019లో యూరప్ మందుల సంస్థ ప్రత్యేకంగా జాగ్రత్తలు ప్రకటించింది. ఆయన్ని ఆ రాత్రే ఆసుపత్రికి పంపించాం. ప్రాణం నిలబడింది. ఆ ఇరవై మందిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందరూ సాయం చేద్దామనే రాశారు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

బయోటిన్ అనే విటమిన్ సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. జుట్టు రాలుతోందంటే గ్రూపుల్లో ముందుగా వినిపించే పేరు. ఎక్కువ డోసులో వాడితే కొన్ని రక్తపరీక్షలను తారుమారు చేస్తుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపించవచ్చు, గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. "మందులేమన్నా వాడుతున్నారా?" అని మీరు అడిగితే మావాళ్లు "లేదండీ" అంటారు. అది అబద్ధం కాదు. విటమిన్ మందు కిందకు వస్తుందని వాళ్లకు తెలియదు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు పేషెంట్ల కథ. 2009లో ఇటలీ డాక్టరు పావ్లో జంబోని, ఈ జబ్బుకు మెడ సిరలు ఇరుకుగా ఉండటం కారణమనీ, వాటిని వెడల్పు చేస్తే మేలు జరుగుతుందనీ అన్నారు. ఆ వార్త ఆన్‌లైన్ గ్రూపుల్లో మంటలా అంటుకుంది, కెనడాలో మరీను. ఆధారాలు చాలవన్న న్యూరాలజిస్టులను మందుల కంపెనీల మనుషులన్నారు. ఏళ్ల తరబడి నడిచిన నమ్మకాలు వారాల్లో తెగిపోయాయి. చాలామంది సొంత డబ్బుతో వేరే దేశాలకు వెళ్లి ఆ సిరల చికిత్స చేయించుకున్నారు. మరణాలు, ప్రమాదాలు జరిగాయని 2012లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2017లో జంబోని స్వయంగా పాల్గొన్న ట్రయల్, 2018లో కెనడా ట్రయల్, రెండూ ఆ చికిత్స వల్ల ఉపయోగం లేదనే తేల్చాయి. ఆ పేషెంట్లను మూర్ఖులనడానికి నాకు మనసొప్పదు. "చేయగలిగింది ఇంతే" అన్న మాట పదేళ్లు విన్న మనిషికి, చేయగలిగింది ఇంకా ఉందని ఒకరు అంటే చెవి అటే తిరుగుతుంది. ఆ సమయంలో సొంత డాక్టరు "పదండి, ఆ వ్యాసం ఇద్దరం కలిసి చదువుదాం" అని ఉంటే కొందరైనా ఆగి ఉండేవాళ్లని నా నమ్మకం.

పేషెంట్లు ఆధారాలను లెక్కచేయరన్నది కూడా నిజం కాదు. 2008లో లిథియం అనే మందు, కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతిని ప్రాణం తీసే ఏఎల్ఎస్ జబ్బును నెమ్మదింపజేస్తుందని ఒక చిన్న అధ్యయనం చెప్పినప్పుడు, పేషెంట్స్‌లైక్‌మి అన్న ఆన్‌లైన్ వేదికలో చాలామంది తమ డాక్టర్ల చేత రాయించుకుని వాడి, నెలనెలా తమ పరిస్థితి నమోదు చేశారు. అలా వాడిన 149 మంది వివరాలను వాడనివాళ్లతో పోల్చి చూసిన ఫలితం 2011లో వెలువడింది. ఉపయోగం లేదు. తర్వాతి ట్రయల్స్‌లోనూ అదే తేలింది. తమ ఆశ తప్పని తమ చేతులతోనే నమోదు చేసిన మనుషులు వాళ్లు. చాలామంది ఇప్పుడు లేరు.

మీకు టైము లేదని నాకు తెలుసు. 67 దేశాల లెక్కలు తీసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ప్రపంచ జనాభాలో సగం ఉన్న 18 దేశాల్లో ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక పేషెంటుతో గడిపేది అయిదు నిమిషాలు, లేదా అంతకన్నా తక్కువ. పేషెంటు చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు ఎప్పుడు అడ్డుపడతారని అమెరికాలో 1984లో కొలిస్తే సగటున 18 సెకన్లు. 2018లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, అడ్డుపడిన సందర్భాల్లో 11 సెకన్లకే. ఈ అంకెలు చూపించి మిమ్మల్ని నిందించను. బయట క్యూలో కూర్చుని "లోపల ఇంతసేపా?" అని విసుక్కునేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ "ఏం చదివారు?" అన్న ప్రశ్నకు పట్టే టైము, దాచిన మందు వల్ల పాడైన కేసును సరిచేయడానికి పట్టే టైముతో పోలిస్తే ఎంత? నా విషయంలో ఆరేడు నిమిషాలకూ రెండేళ్లకూ ఉన్నంత తేడా.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చీటీ రాయబోయే ముందు, దీని గురించి ఎక్కడైనా చదివారా, ఏమన్నా భయంగా ఉందా అని ఒక్క మాట అడగండి. మేం చెప్పింది తప్పయితే తప్పని చెప్పండి, కానీ ఎందుకు తప్పో ఒక వాక్యం కలపండి. ఆ వాక్యాన్ని ఇంటికి తీసుకెళ్లి గ్రూపులో పెడతాం, దాంతో ఇంకో వందమంది జాగ్రత్తపడతారు. మీకు తెలియనిది మేం అడిగితే "నేను చూసి చెబుతాను" అనండి. అలా అన్న డాక్టరు మీద మాకు గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు, ఇన్నేళ్లుగా వేల పోస్టులు చదివి ఈ మాట అంటున్నాను. వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేవారికి ఇంకొక మనవి: పొగాకు, మద్యం, అలర్జీలు అడగడం ఎలా నేర్పుతారో ఇదీ అలాగే నేర్పండి. "గ్రూపుల్లో ఉన్నారా?" అన్న ప్రశ్నలో వెటకారం పలక్కుండా అడగడం ఎలాగో కూడా. మా చెవికి ముందు గొంతే వినిపిస్తుంది.

మా వంతు మేమూ మొదలుపెట్టాం. డోసులు చెప్పే కామెంట్లు తీసేస్తున్నాం. ఇన్‌బాక్సుల్లోకి దూరి పొడులూ నూనెలూ అమ్మేవాళ్లను ఆ రోజే పంపించేస్తున్నాం. మందు మానేశానని ఎవరు రాసినా, మిగతా సంగతులకు ముందు "డాక్టరుకు చెప్పారా?" అని అడుగుతున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్ల కోసం ఒక పేజీ కాగితం తయారుచేశాం. అందులో నాలుగు గడులు. డాక్టరు రాసిన మందుల్లో వేసుకుంటున్నవి. రాసినా వేసుకోనివి. ఎవరూ రాయకుండా సొంతంగా వాడుతున్నవి, విటమిన్లతో సహా. చదివిన వాటిలో భయపెట్టినవి.

రెండో గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఆ గడి నింపిన కాగితం ఎప్పుడైనా మీ బల్ల మీదికి వస్తే, ఆ మనిషి దాన్ని నింపడానికి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో నాకు తెలుసు. దయచేసి, దాన్ని పూర్తిగా చదివాకే తలెత్తి మాట్లాడండి.

ఇట్లు,
మీ పేషెంటు